నన్ను నింపినవాళ్లు, ఖాళీ చేసినవాళ్లు

అమెరికాలో, కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ టెన్నిస్ కోర్టుల మీద ఉండే బంతుల బుట్టను నేను. ఒళ్లంతా ఇనుప తీగలే. పైకెత్తితే పిడులయ్యే రెండు చేతులూ కిందికి మడిస్తే కాళ్లవుతాయి. నా అడుగున తీగల సందు బంతికన్నా కాస్త ఇరుకు. నేలమీది బంతి మీద పెట్టి నొక్కితే అది ఒదిగి లోపలికి దూరుతుంది, మళ్లీ కిందికి జారదు.

ప్రాక్టీసు అయ్యాక ఆటగాడు బంతులు ఏరి నన్ను నింపుతాడు. కోచ్ నన్ను ఖాళీ చేస్తాడు. నింపిన చేతులే కొన్నేళ్లకి తిరిగొచ్చి ఖాళీ చేయడం ఇక్కడ ఆనవాయితీ.

డిక్ గూల్డ్ ఇక్కడే చదువుకుంటూ ఆడారు. దగ్గర్లోని ఫుట్‌హిల్ కాలేజీలో కోచ్‌గా పనిచేసి, 1966లో స్టాన్‌ఫర్డ్ పురుషుల జట్టు పగ్గాలు పట్టారు. తొలి జాతీయ టైటిల్ 1973లో వచ్చింది. 2004లో ఆయన తప్పుకునేనాటికి అవి 17 అయ్యాయి. 1978లో ఈ జట్టు నుంచే కాలేజీ సింగిల్స్ ఛాంపియన్ అయిన జాన్ మెకన్రో ఆ ఏడాదే ప్రొఫెషనల్ ఆటకి వెళ్లిపోయాడు. తారలు వెళ్లిపోతారు, మళ్లీ కొత్త కుర్రాళ్లతో మొదటినుంచి మొదలుపెట్టాలి. కాలేజీ కోచ్ బతుకే అంత.

నాకు అందరికన్నా ఎక్కువ గౌరవం జాన్ విట్లింగర్ మీద. 1974లో విద్యార్థిగా సింగిల్స్, డబుల్స్ టైటిళ్లు రెండూ గెలిచిన మనిషి. కొన్నాళ్లు ప్రొఫెషనల్‌గా ఆడి, తిరిగొచ్చి తన కోచ్ దగ్గరే అసిస్టెంటుగా చేరారు. ఏళ్ల తరబడి ఆ కుర్చీలోనే ఉన్నారు. గెలుపు పేపర్లో పడినప్పుడు అసిస్టెంటు పేరు ఎక్కడుంటుంది? కానీ చివరి కోర్టుల్లో ఆడే కుర్రాళ్ల బాగోగులు చూసేది, బంతుల మీద బంతులు అందించేది ఎక్కువగా అసిస్టెంటే.

బంతి అందించడం తేలిక పని కాదు. ఎడమచేత్తో నాలోంచి బంతి తీసి కుడిచేతి రాకెట్‌తో అవతలికి పంపాలి. ఆటగాడిగా బతికిన చెయ్యి పాయింటు గెలిచే దెబ్బే కొట్టాలనుకుంటుంది. కోచ్ చెయ్యి దాన్ని మరిచిపోవాలి. కుర్రాడు రెండడుగులు ఎక్కువ పరిగెత్తితే అందేంత దూరంలో బంతి పడాలి. మరీ దగ్గరైతే నేర్చుకోడు, మరీ దూరమైతే ప్రయత్నమే మానేస్తాడు. ఆ దూరం మనిషి మనిషికీ మారుతుంది. మంచి ఆటగాళ్లలో మంచి కోచ్‌లు కొందరే కావడానికి కారణం ఇదేనని నా నమ్మకం.

కాలేజీ మ్యాచ్‌లో ఆరు సింగిల్స్‌కి ఆరు పాయింట్లు, మూడు డబుల్స్ మ్యాచ్‌లూ కలిపి ఒక పాయింటు. ముందు నాలుగు తెచ్చుకున్న జట్టుది గెలుపు. కోర్టు మారే విరామంలో కోచ్ పక్కన కూర్చుని మాట్లాడొచ్చు. పురుషుల జట్టు మొత్తానికీ చాలా ఏళ్లపాటు నాలుగున్నర స్కాలర్‌షిప్‌లే ఉండేవి. ఎవరికి సగం, ఎవరికి పావు అన్న లెక్క కూడా కోచ్‌దే. దేశదేశాల కుర్రాళ్లు ఈ కాలేజీ ఆటలోకి వచ్చారు. ఆంధ్ర నుంచి సాకేత్ మైనేని వచ్చి అలబామా యూనివర్సిటీకి ఆడాడు. 2014 ఆసియా క్రీడల్లో సానియా మీర్జాతో కలిసి మిక్స్‌డ్ డబుల్స్ స్వర్ణం గెలిచింది అతనే.

గూల్డ్ తర్వాత విట్లింగర్ పదేళ్లు హెడ్ కోచ్‌గా ఉన్నారు. 2014లో ఆయన స్థానంలోకి పాల్ గోల్డ్‌స్టీన్ వచ్చారు. ఆయనా నన్ను నింపినవాడే. 1995 నుంచి 1998 దాకా నాలుగేళ్లూ జట్టు టైటిల్ గెలిచిన ఆటగాడు, ప్రొఫెషనల్‌గా 58వ ర్యాంకు దాకా వెళ్లారు. 1998 జట్టు ఒక్క మ్యాచ్ కూడా ఓడలేదు. అందులోని బ్రయన్ కవలలు తర్వాత డబుల్స్‌లో ప్రపంచ నంబర్ వన్ అయ్యారు. కోచ్‌గా ఈ కోర్టులకి తిరిగొచ్చింది మాత్రం గోల్డ్‌స్టీన్.