మోడరేటేనండీ, పిల్లలు కూడా ఎక్కేస్తారు

న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఆకులు రంగు తిరగడం మొదలైతే చాలు, తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో ఒక మాట తిరుగుతుంది: "మోడరేట్ లూపేనండీ, పిల్లలు కూడా ఎక్కేస్తారు." ఈ మాట అనడానికి కొండ ఎత్తు తెలియనక్కర్లేదు. పిల్లలు ఉండనక్కర్లేదు కూడా.

ఊరేమో చేటలో పోసిన బియ్యంలా చదునుగా ఉంటుంది. రూజ్‌వెల్ట్ పార్కులో చెరువు చుట్టూ సాయంత్రం వాకింగు, ఓక్ ట్రీ రోడ్డులో కూరగాయల సంచులు మోసుకుంటూ కారు దాకా నడక. చాలామందికి కాళ్ళతో పని అంతవరకే. అక్కడికి సుమారు అరవై మైళ్ళ అవతల, కిటటిన్నీ కొండల వరుసను డెలావేర్ నది అడ్డంగా కోసుకుపోయిన చోట డెలావేర్ వాటర్ గ్యాప్ ఉంది. నదికి న్యూజెర్సీ వైపు మౌంట్ టామనీ, పెన్సిల్వేనియా వైపు మౌంట్ మిన్సీ. టామనీ ఎత్తు 1,500 అడుగుల పైచిలుకు. నల్లమల చూసి వచ్చినవాళ్ళకి "ఇదీ ఒక కొండేనా" అనిపించే అంకె. చిక్కల్లా ఏమిటంటే, రెడ్ డాట్ అనే దారి అందులో దాదాపు 1,200 అడుగులు మైలున్నర లోపే ఎక్కించేస్తుంది, అదీ చాలావరకు బండల మీదుగా.

మరి దీన్ని మోడరేట్ అనడం అబద్ధమా? కాదు, అక్కడే ఉంది తమాషా. వర్జీనియాలోని షెనండోవా నేషనల్ పార్కు వాళ్ళు ఒక లెక్క చెబుతారు: ఎక్కాల్సిన అడుగులను రెట్టింపు చేసి, మైళ్ళతో గుణించి, వర్గమూలం తీయాలి. జవాబు 50కీ 100కీ మధ్య వస్తే మోడరేట్. టామనీ లూపు మూడున్నర మైళ్ళు, ఎక్కుడు 1,200 అడుగులు. జవాబు 92 దగ్గర తేలుతుంది. ఇంకేం కావాలి! సాఫ్ట్‌వేర్ జనానికి వర్గమూలం వేదవాక్కు. ఆ 92 నూరుకి ఎంత దగ్గరో ఎవరూ పట్టించుకోరు. లెక్కలో బండలు లేవు, బండల మీద తడిసిన ఆకులు లేవు, నలభై దాటిన మోకాళ్ళు లేవు, అర మైలు నడిచాక కింద కూర్చుని "ఐ యామ్ డన్" అని ప్రకటించే ఏడేళ్ళ పిల్ల అసలే లేదు.

టైము లెక్క కూడా ఇంతే. 1892లో విలియం నైస్మిత్ అనే స్కాట్లండ్ పర్వతారోహకుడు ఒక సూత్రం రాసిపెట్టాడు: మూడు మైళ్ళకి ఒక గంట, పైకి ఎక్కే ప్రతి 2,000 అడుగులకి మరో గంట. ఆ ప్రకారం టామనీ చుట్టిరావడానికి గంటా నలభై ఆరు నిమిషాలు చాలు. గ్రూపులో "టూ అవర్స్ మ్యాక్స్" అని పోస్టు పడేది ఈ ధీమాతోనే. నైస్మిత్ దొర ఎక్కడా ఆగకుండా నడిచే మనిషిని దృష్టిలో పెట్టుకున్నాడు. పులిహోర విరామానికి, డ్రోన్ విరామానికి, ఒకే రంగు టీషర్టుల్లో నిలబడి ఇరవైరెండుమంది ఒకేసారి కళ్ళు తెరిచే ఫొటో విరామానికి ఆయన సూత్రంలో చోటు లేదు.

ఇంతకీ ప్లానింగ్ జరగదా అంటే, ఎందుకు జరగదు? మూడు వారాలు జరుగుతుంది. పులిహోరా, దద్దోజనమా అని ఒక పోల్. ఫ్లాస్కుల్లో చాయ్ తెచ్చేదెవరు, పేపర్ ప్లేట్లు ఎవరి కారులో, టీషర్టు వెనక ఏం రాయించాలి, అన్నిటికీ పోల్సే. మధ్యలో ఎవరో కొత్తాయన, "అన్నా, మనిషికి నీళ్ళు ఎన్ని లీటర్లు పెట్టుకోవాలి?" అని అడుగుతాడు. దానికి మూడు బొటనవేళ్ళు వస్తాయి, జవాబు రాదు. "చీకటి ఎన్నింటికి పడుతుంది?" అన్నవాడికి అవి కూడా రావు. నవంబరు మొదటి ఆదివారం గడియారాలు గంట వెనక్కి తిప్పాక న్యూజెర్సీలో ఐదు కొట్టకముందే సూర్యుడు దిగిపోతాడు. ఈ సంగతి సూర్యుడికీ తెలుసు, ఫోనుకీ తెలుసు, అడ్మిన్‌కి తప్ప. పొద్దున ఆరింటికి బయల్దేరాలన్న తీర్మానం ఇడ్లీలయ్యేసరికి తొమ్మిదవుతుంది. ఆకుల సీజన్లో శనాదివారాలు కొండ కింది డన్‌ఫీల్డ్ పార్కింగు తొందరగా నిండిపోతుంది కాబట్టి, హైకు మొదటి అంకమంతా కార్లలోనే నడుస్తుంది.

భయపడేవాళ్ళకి సిద్ధంగా ఒక ధైర్యవచనం ఉంటుంది: "తిరుమల మెట్లెక్కినవాళ్ళం, ఇదెంత?" ఇండియా నుంచి వచ్చి ఆరు నెలలుండే అమ్మానాన్నలను కార్లో కూర్చోబెట్టేదీ ఈ మాటే. "అత్తయ్యగారూ, మీరు అలిపిరి ఎక్కినవారు, మీకిదొక లెక్కా!" అలిపిరి మెట్లు సుమారు 3,550. నిజమే, తక్కువేం కాదు. కానీ అక్కడ నెత్తిన కప్పు, దారి పొడవునా నీళ్ళు, మరుగుదొడ్లు, కొట్లు ఉంటాయి. కింద అప్పజెప్పిన సామాను దేవస్థానం వాళ్ళే పైసా పుచ్చుకోకుండా కొండమీదికి చేరవేస్తారు. మోకాళ్ళ పర్వతం దగ్గర నీరసపడితే ముందూ వెనకా గోవింద నామం ఉంటుంది. అన్నిటికంటే ముఖ్యం, దర్శనమయ్యాక దిగడానికి బస్సుంది. టామనీ మీద బస్సు లేదు. ఎక్కిన ప్రతి అడుగూ చీరకట్టుతో, చెప్పుల కాళ్ళతో దిగాల్సింది అత్తయ్యగారే.

ఆ దిగడంలోనే అసలు తెలివి బయటపడుతుంది. ఈ లూపుని మామూలుగా నిటారు రెడ్ డాట్ మీద ఎక్కి, వాలు తక్కువున్న నీలం గుర్తుల దారిలో డన్‌ఫీల్డ్ వాగు వెంట దిగుతారు. గ్రూపేమో "ముందు ఈజీ వైపు నుంచి పోదాం, పిల్లలకి వార్మప్ అవుతుంది" అని తిరగేస్తుంది. అప్పుడు నిటారు బండలన్నీ అలిసిపోయిన కాళ్ళకి, దిగేటప్పుడు ఎదురవుతాయి. చెట్ల మీద రంగు గుర్తులుంటాయి. ఒకటి మీద ఒకటిగా రెండుంటే ముందు మలుపుందని అర్థం. ఆ రెండు గుర్తుల చెట్టుకి ఆనుకునే గ్రూప్ ఫొటో దిగి, మలుపు తిరగకుండా ముక్కుసూటిగా పోయే బృందాలున్నాయి. 1920లో పుట్టిన న్యూయార్క్-న్యూజెర్సీ ట్రెయిల్ కాన్ఫరెన్స్ ఈ ప్రాంతపు దారులకి మ్యాపులు అచ్చేసి అమ్ముతుంది, తడిసినా చిరగనివి. డ్రోనుకి వందలు పోసినవాళ్ళకి మ్యాపు దండగ ఖర్చులా కనిపిస్తుంది.

కొండల సంగతి ఇలా ఉంటే, లోయల సంగతి మరీ విడ్డూరం. గండికోట దగ్గర ఎర్రమల కొండల్ని పెన్నా కోసిన లోయని ఇండియా గ్రాండ్ క్యానియన్ అనడం మనకి అలవాటు. లోతు సుమారు 300 అడుగులు. అరిజోనాలోదైతే మైలు లోతు. బిరుదుతో పేచీ లేదు. గండికోటలో మసీదూ గుడీ దాటి అంచుకి చేరి, బండ మీద నిలబడి సెల్ఫీ దిగితే లోయ చూసినట్టే. ఆ అలవాటుతో, లోయంటే పైనుంచి చూసేది అని మనసులో పడిపోయింది. లోపల నడవాల్సి వస్తే లెక్క తిరగబడుతుంది. కొండ మీద కష్టం ముందొస్తుంది కాబట్టి ఓపిక చాలనివాడు సగంలో వెనక్కి తిరగొచ్చు. లోయలో ముందు దిగుడు, హుషారు, పాటలు. కష్టమంతా చివర్న, ఎండ నడినెత్తికొచ్చాక. గ్రాండ్ క్యానియన్‌లో ఒకే రోజు నదిదాకా దిగి ఎక్కే సాహసం చెయ్యొద్దని పార్కువాళ్ళు హెచ్చరించేది ఇందుకే.

ఎడిసన్ జనం నయాగరా పోతూ "దారిలో ఓ గంట" అని ఆగే వాట్కిన్స్ గ్లెన్ మరో ఉదాహరణ. రెండు మైళ్ళ ఇరుకు లోయలో 19 జలపాతాలు, 832 రాతిమెట్లు. గోడలు ఒక్కోచోట 200 అడుగులు. కింద లోయ దారిలో పోయి, పైన అంచు వెంట తిరిగొస్తే చక్కని లూపు. తడి మెట్ల మీద, పెళ్ళికి వేసుకునే చెప్పులతో, చంకలో పిల్లాడితో దాన్ని గంటలో ముగించాలన్నది ప్లాను. సాయంత్రానికి నయాగరా హోటల్లో చెకిన్ ఉంది మరి.

ఇంత జరిగాక కూడా ఆ మోడరేట్ మాట ఎలా బతికుందంటే, దాన్ని రాసేది కొండ మీద కాదు. టామనీ నుంచి సగం దూరం కూర్చునే దిగిన పెద్దమనిషి 80వ నంబరు హైవే మీద కార్లో వెనక సీటుకి జారగిలబడి, హీటర్ వెచ్చగా తగులుతుంటే, మిగిలిన పులిహోర తింటూ యాప్‌లో ఐదు చుక్కలు నొక్కుతాడు. "మోడరేట్, ఫ్యామిలీస్‌కి బాగుంటుంది, వ్యూ సూపర్." తాను కూర్చుని దిగానని రాస్తే ఆఫీసులో ఎవరైనా చదవొచ్చు. వచ్చే అక్టోబరులో ఇంకో అడ్మిన్ దాని స్క్రీన్‌షాట్ తీసి గ్రూపులో పెడతాడు, కింద పోల్ తెరుస్తాడు: పులిహోరా, బిసిబేళా బాతా?