వాల్తేరు మెస్సు పద్యానికి టీకా తాత్పర్యం

అవతారిక: ఆంధ్ర విశ్వకళాపరిషత్తు 1926లో బెజవాడలో పుట్టి, 1930లో వాల్తేరు మిట్టకెక్కింది. తొలి వైస్ ఛాన్సలర్ కట్టమంచి రామలింగారెడ్డి కవిత్వతత్త్వ విచారం చేశారు. 1931లో వచ్చిన రాధాకృష్ణన్ వేదాంత విచారం చేశారు. ఆ తర్వాత చదివిన మాబోంట్లకు మిగిలింది మెస్సు బాకీ విచారం. మిట్ట దిగువ సందులో పిన్నిగారి మెస్సు గోడ మీద బొగ్గుతో ఎవరో రాసిన పద్యమిది. మెస్సు పేరు కవి చెప్పలేదు. బాకీ ఉన్నవాడెవడూ చెప్పడు.

ఆ. పప్పుచారులోన పప్పెక్కడని యన్న
గరిటె తిప్పి చూపు గంగలోతు
బాకి కట్టుమంచు బల్లపై నా పేరు
కడలిగాలి పెంచె కడుపుమంట

టీక: పప్పుచారులోన = పప్పుచారనబడు ద్రవమునందు; పప్పెక్కడని యన్న = కందిపప్పు జాడ అడుగగా; గరిటె తిప్పి = (పిన్నిగారు) అడుగంటా గరిటె త్రిప్పి; గంగలోతు = నీటి అగాధమును; చూపు = చూపించును; బాకి కట్టుమంచు = అప్పు తీర్చుమనుచు; బల్లపై = గల్లాపెట్టె వెనుక నల్లబల్లపై; నా పేరు = ఇంటిపేరుతో సహా నా నామధేయము (కలదు); కడలిగాలి = సముద్రపు గాలి; కడుపుమంట = జఠరాగ్నిని; పెంచె = ఎగదోసెను.

తాత్పర్యం: పప్పు లేదు, మనియార్డరు రాలేదు, ఆకలి మాత్రం ఆగలేదు.

విశేషాలు: ‘గంగలోతు’కు ‘బావిలోతు’ అని కొందరి పాఠం. యతిభంగం కనుక త్యాజ్యం.

పగలు నేల వేడెక్కితే గాలి సముద్రం మీంచి వీస్తుంది. రాత్రి నేల చల్లబడితే దారి మళ్లుతుంది. కనుక ఇది మధ్యాహ్న భోజనమే. రాత్రి చారులో పప్పుందో లేదో ఈ పద్యం వల్ల తేలదు. వాయువు అగ్నికి చెలికాడు కాబట్టి నాలుగో పాదం శాస్త్రసమ్మతం.

ఇది నింద అని పూర్వ వ్యాఖ్యాతలు, అంటే నా రూమ్మేట్లు, భ్రమపడ్డారు. మూడో పాదంలో పేరు బల్లకెక్కినవాడికే మొదటి పాదంలో విస్తరి పడింది. అడిగే చొరవా ఉంది. బాకీదారుకు గరిటె తిప్పి మరీ చూపిన తల్లిని పైకి తిడుతూ లోపల పొగిడాడు కనుక వ్యాజస్తుతి అలంకారం. ఆవిడ పేరు చెరిపేదీ కాదు, అన్నం ఆపేదీ కాదు. ‘మారు వడ్డించనా నాయనా?’ అంటూనే సుద్దముక్కతో ఆ పూట లెక్క కలిపేది. ఎమ్మే పట్టాలు చాలామటుకు ఆ సుద్దగీతల మీదే నడిచాయి.

ఫలశ్రుతి: ఈ పద్యం పరగడుపున చదివినవారికి ఆకలి, నెలాఖరున చదివినవారికి అప్పు పుట్టును. ఉద్యోగం వచ్చాక చదివినవారు వెంటనే బస్సెక్కి వెళ్లి పాతబాకీ తీర్చి రావలెను, పిన్నిగారు వద్దన్నా సరే.