ఎండాకాలం గోల్ఫు గిట్టుబాటు చేసుకునే విధానం

ఆరిజోనాలో ఫీనిక్స్ చుట్టుపక్కల, అంటే స్కాట్స్‌డేల్‌లోనో చాండ్లర్‌లోనో, గోల్ఫు కోర్సు అంచున ఇల్లు కొనుక్కున్న తెలుగువాడికి మొదటి ఏడే ఒక అన్యాయం కళ్ళబడుతుంది. పెరటి గోడ అవతలి పచ్చదనానికి కూడా కలిపి ఇంటి ధర కట్టింది తను. జనవరి నుంచి ఏప్రిల్ దాకా దాని మీద ఆడుకునేది మాత్రం మిన్నెసోటా నుంచీ కెనడా నుంచీ చలికి తాళలేక దిగినవాళ్ళు. ఆ నెలల్లో ఒక్క ఆటకి 200, 300 డాలర్లు అడిగే కోర్సులున్నాయి. మే రాగానే ఆ స్నోబర్డ్స్ ఇళ్ళకు తాళాలేసుకుని వెళ్ళిపోతారు. జులై మధ్యాహ్నానికి అదే ఆట 50, 60 డాలర్లకు దిగొస్తుంది. ముప్పాతిక వంతు తగ్గించి ఇస్తామంటే వద్దనడం మన ఇంటావంటా లేదు. అంచేత ఈ సలహాలు.

ముందు ఎండంటే భయం పోవాలి. అందుకు ఇక్కడ అందరూ అనే మాటొకటి ఉంది: "ఇది డ్రై హీట్ అండీ." పొద్దున లేవగానే మూడుసార్లు అనుకోండి. 1990 జూన్ 26న ఫీనిక్స్‌లో 122 డిగ్రీల ఫారెన్‌హీట్, మన లెక్కలో 50 డిగ్రీలు, నమోదైంది. 2023లో వరసగా 31 రోజులు పగటి ఎండ 110కి తగ్గలేదు. మరుసటి ఏడు 100 డిగ్రీలు తాకిన రోజులు వరసగా 113. ఎవరైనా ఈ అంకెలు చెప్పి బెదిరించబోతే, "మేం రెంటచింతల ఎండలు చూసినవాళ్ళం, రోహిణి కార్తెలో రోళ్ళు పగిలే చోట పెరిగినవాళ్ళం" అనండి. రెంటచింతలలో మిట్టమధ్యాహ్నం ఎవడూ బయట ఉండడు, తలుపులు వేసుకుని, వీలుంటే వట్టివేళ్ళ తడికె మీద నీళ్ళు చల్లుకుని పడుకుంటాడు, ఇనప కర్ర పట్టుకుని బంతి వెంట తిరగడు. ఆ సంగతి అమెరికా వాళ్ళకు చెప్పనక్కర్లేదు.

ఇక వేళ. స్థానికులు తెల్లవారుజామునే ఆడేస్తారు. ఆరిజోనాలో చాలాచోట్ల వేసవిలో గడియారం ముందుకు జరిపే అలవాటు లేదు కాబట్టి జూన్‌లో అయిదుంపావు దాటగానే పొద్దు పొడుస్తుంది. తొమ్మిదిన్నరకల్లా వాళ్ళు ఆట ముగించి ఇళ్ళకు చేరిపోతారు. మీరు అలా తొందరపడొద్దు. పొద్దుటి ఆటకి రేటు ఎక్కువ. సాయంత్రం నాలుగింటిది తీసుకోండి. దీన్లో ఇంకో లాభం ఉంది. కరెంటు కంపెనీ ఏపీఎస్ వారి టైమ్ ఆఫ్ యూజ్ ప్లానులో సోమవారం నుంచి శుక్రవారం దాకా సాయంత్రం 4 నుంచి 7 వరకు యూనిట్ ధర ఎక్కువ. తెలివైనవాళ్ళు మధ్యాహ్నమే ఇల్లంతా చల్లబరిచి పెట్టుకుని ఆ మూడు గంటలూ కదలకుండా కూర్చుంటారు. మీరు ఏసీ పూర్తిగా ఆపేసి, మీ ఆవిడనీ పిల్లల్నీ కార్టెక్కించి కోర్సుకు తీసుకుపోండి. రోజు మొత్తంలో వేడి పతాకస్థాయికి చేరేది సరిగ్గా ఆ వేళకే. ఆటలో చవక, కరెంటులో ఆదా. తిరిగొచ్చేసరికి ఇల్లు కూడా బయటి వేడికి తుల్యంగా ఉంటుంది కాబట్టి లోపలికి అడుగుపెట్టినా తేడా తెలీదు. వేడి నీళ్ళ బాయిలరు మేలోనే ఆపేయవచ్చు, జులైలో చన్నీళ్ళ కొళాయి తిప్పినా వేణ్ణీళ్ళే వస్తాయి. (పొరపాటున ఇదొక్కటి మంచి సలహా.)

కారు దగ్గర జాగ్రత్త. ఎండలో నిలబెట్టిన కారు స్టీరింగ్ ముట్టుకోవడానికి ఇక్కడివాళ్ళు వంటింట్లో ఓవెన్ దగ్గర వాడే చేతితొడుగులు పెట్టుకుంటారు. మీరు గోల్ఫు గ్లవ్ తొడుక్కోండి. అది ఒక చేతికే ఉంటుంది, రెండో చెయ్యి సంగతి తర్వాత చూసుకోవచ్చు.

మంచినీళ్ళ విషయంలో చాలామంది అతి చేస్తారు. గాలిలో తేమ పది శాతానికి దిగినప్పుడు చెమట పట్టిన సంగతి తెలిసేలోపే ఆరిపోతుంది. చొక్కా పొడిగానే ఉంటుంది, లోపల నీళ్ళు మాత్రం తరిగిపోతుంటాయి. చొక్కా తడవలేదంటే ఒంట్లో నీళ్ళు ఉన్నట్టేనని భావించండి. దాహం వేసేదాకా ఆగితే ఆలస్యమైపోతుందని డాక్టర్లు అంటారు. వాళ్ళు పొద్దుట ఆడతారు, వాళ్ళకేం తెలుసు. కార్టులో ఇచ్చే ఐసు పెట్టె నిండా బీర్లే సర్దండి. తల తిరిగితే కాళ్ళు ఇంకాస్త ఎడం చేసి నిలబడండి. రెండు బంతులు కనబడితే ఎడమవైపుది కొట్టండి. లెక్కలు తడబడటం మొదలయ్యాక స్కోరు రాసే పని మీరే తీసుకోండి, అంకెలు మళ్ళీ అంతగా కలిసిరావు. పక్కవాడు కంగారుపడి అంబులెన్సు పిలిస్తే ఆ బిల్లు ఆట ఖాతాలో రాయకండి. వైద్యం పద్దు వేరు. రెండూ కలిపేస్తే గిట్టుబాటు లెక్క చెడుతుంది.

2023లో ఎండకు సంబంధించిన మరణాలు 645 అని ఫీనిక్స్ ఉన్న మరికోపా కౌంటీ తేల్చింది. పోయినవాళ్ళలో చాలామందికి లోపలికెళ్ళి తలుపేసుకోవడానికి ఇల్లే లేదు. మీకుంది, నెలనెలా దానికి కిస్తీ కూడా కడుతున్నారు. అలాంటి ఇల్లు వదిలి నాలుగింటికి బయటికి రావాలంటే నిజంగా పట్టుదల ఉండాలి.

ఇప్పుడు ఆట. నీటి నిబంధనల వల్ల ఇక్కడ 1980ల నుంచి కట్టిన కోర్సుల్లో 18 హోళ్ళకూ కలిపి 90 ఎకరాలకు మించి పచ్చిక ఉండదు. చుట్టూ మిగిలిందంతా అసలు సిసలు ఎడారి. బంతి కాస్త పక్కకు పోయిందా, చోయా జెముడు మధ్యలో పడుతుంది. ఆ ముళ్ళ గుత్తులు దగ్గరికి వెళితే చాలు, ఎగిరొచ్చి పట్టుకున్నట్టే అంటుకుంటాయి. చేత్తో లాగితే చేతికి అంటుకుంటాయి, అందుకే తెలిసినవాళ్ళు సంచిలో దువ్వెన పెట్టుకుని దాంతో లాగేస్తారు. జుట్టున్నవాళ్ళకు ఎలాగూ దువ్వెన ఉంటుంది, లేనివాళ్ళు ఈ ఒక్క దానికోసం కొనక్కర్లేదు.

అన్నిటికంటే ఆదా ఉన్నది రూల్సు పుస్తకంలో. గోల్ఫు నిబంధన 16.2 ప్రకారం బంతి దగ్గర ప్రమాదకరమైన జంతువు ఉంటే, ఉదాహరణకి విషసర్పం ఉంటే, శిక్ష లేకుండా బంతిని సురక్షితమైన చోటికి మార్చుకోవచ్చు. ముళ్ళ మొక్కకు ఆ మినహాయింపు లేదు. జెముడులో ఇరుక్కుంటే ఆడలేనని ఒప్పుకుని ఒక స్ట్రోక్ నష్టపోవాలి. అంచేత బంతి చోయా పక్కన పడగానే వెనక్కి రాకండి, పాము కోసం వెతకండి. ఆకు కదిలించండి, రాళ్ళ కింద కర్రతో పొడవండి. వేసవిలో రాటిల్‌స్నేక్‌లు పగలంతా నీడన దాక్కుని పొద్దువాలాక తిరుగుతాయి కాబట్టి మీ నాలుగింటి ఆట చివరి హోళ్ళకు వాటి వేళ కలిసొస్తుంది. గిలక చప్పుడు వినిపిస్తే ఒక స్ట్రోక్ మిగిలినట్టే. చప్పుడు ఎటునుంచి వస్తోందో సరిగ్గా తెలుసుకోవాలంటే ఇంకో రెండడుగులు ముందుకెయ్యండి.

వేడి గాలి పలచన కాబట్టి బంతి మామూలుకంటే కొంచెం దూరం పోతుంది. ఈ సంగతి చదివి వెంటనే మరిచిపోండి. కారణం మీ స్వింగు మెరుగవడమే. పచ్చికకు గాలి ఆడాలని వేసవిలో గ్రీన్ల నిండా చిల్లులు పొడిచి ఇసక పోస్తారు. దాని మీద బంతి గెంతుకుంటూ పోతుంది. రెండడుగుల పట్ తప్పినా నెపం చిల్లుల మీదికి తోసేయవచ్చు, జనవరిలో 300 డాలర్లు కట్టినా ఈ సౌకర్యం దొరకదు.

హోల్ ఇన్ వన్ సంగతి కూడా చెప్పాలి. స్కాట్స్‌డేల్ టీపీసీ స్టేడియం కోర్సులో పదహారో హోలు చుట్టూ ఫీనిక్స్ ఓపెన్ పోటీల సమయంలో వేలమంది పట్టే గ్యాలరీలు కడతారు. 1997లో టైగర్ వుడ్స్ అక్కడ ఒక్క దెబ్బకు బంతి గుంటలో వేస్తే ఆ కేకలకు హద్దు లేదు. కానీ మామూలు ఆటగాడు వేస్తే ఆచారం ఏమిటి? క్లబ్‌హౌస్‌లో ఉన్నవాళ్ళందరికీ అతనే తాగించాలి. జులై నాలుగింటికి మీరు వేశారనుకోండి, లోపల ఉండేది కౌంటరు దగ్గర కుర్రాడొక్కడే, వాడు డ్యూటీలో ఉన్నాడు. చూసినవాళ్ళు లేరు, నమ్మేవాళ్ళు లేరు, దమ్మిడీ ఖర్చు లేదు.

జూన్ 15 నుంచి సెప్టెంబరు 30 దాకా ఇక్కడి మాన్సూన్. వర్షాకాలం అనగానే మనకు మనసు చల్లబడుతుంది. ఇక్కడ ముందుగా వచ్చేది హబూబ్, ఆకాశమెత్తు దుమ్ముగోడ. వాన తర్వాత, వస్తే. పిడుగుల హారన్ మోగితే అందరూ కార్టులు వదిలి లోపలికి పరిగెడతారు. కోర్సువాళ్ళు డబ్బు తిరిగివ్వరు, రెయిన్ చెక్ ఇస్తారు. దాన్ని తీసుకోవడమంటే ఇలాంటి ఇంకో మధ్యాహ్నానికి మాటివ్వడమే. కాబట్టి చేతిలో ఉన్న లోహపు కర్రతోనే మిగతా హోళ్ళు పూర్తిచెయ్యండి.

ఈ మధ్యలో ఇంటి దగ్గర ఒక ఇబ్బంది రావచ్చు. వేసవికి ఇండియా నుంచి వచ్చిన మీ అమ్మగారు ఉదయం ఏడున్నరకే పెరట్లో పాత చీర పరిచి పిండి వడియాలు పెడతారు. పన్నెండుకల్లా గలగలమంటూ ఎండిపోతాయి. కుండీలో కరివేపాకును గోడ నీడకు జరుపుతారు, ఆవకాయ కోసం ఉప్పూ కారం ఎండబెట్టి తీసేస్తారు, తొమ్మిది దాటాక గడప దాటరు. మొత్తం కాలనీలో ఆ ఎండను వాడుకోవడం తెలిసిన మనిషి ఆవిడే. హెచ్‌ఓఏ, అంటే కాలనీ ఇళ్ళ యజమానుల సంఘం వాళ్ళు, ఫెయిర్‌వే మీంచి చీర కనబడుతోంది, తీసెయ్యమని ఉత్తరం రాస్తారు. జులైలో ఫెయిర్‌వే మీంచి చూసేవాళ్ళెవరని జవాబు రాద్దామనిపిస్తుంది. రాయకండి. చూసేది మీరొక్కరే, ఫిర్యాదు మీదేనేమోనని అమ్మగారికి అనుమానం వస్తుంది. ఆవిడ "ఏరా, ఈ ఎండలో ఆ బంతి ఎక్కడికి పోతుందని దాని వెంట పడ్డావు?" అంటే పొడి ఎండ సంగతి చెప్పి చూడండి.

అక్టోబరు వస్తుంది. పొద్దుటిపూట గాలి చల్లబడుతుంది, ఎవరికైనా ఆడాలనిపిస్తుంది. సరిగ్గా అప్పుడే కోర్సు మూసేస్తారు. వేసవంతా మీరు తొక్కిన బెర్ముడా గడ్డిని పొట్టిగా కోసేసి, చలికాలపు అతిథులకోసం రై గడ్డి విత్తనం చల్లి వారాల తరబడి నీళ్ళు పెడతారు. తెరిచాక కార్టు దారి దిగొద్దంటారు. రేట్లు మళ్ళీ మెట్టుమెట్టూ ఎక్కుతాయి. పెరట్లో కుర్చీ వేసుకుని స్ప్రింక్లర్లు చూడండి. ఇంటి ధరలో మీరు కట్టింది ఆ దృశ్యానికే.

డిసెంబరులో మినియాపొలిస్ నుంచి బావమరిది దిగి, "ఏంటి బావా, ఇంత మంచి వాతావరణం పెట్టుకుని ఇంట్లో కూర్చున్నావ్?" అంటాడు. డిసెంబరు రేటుకు వాడికోసం జేబులో చెయ్యి పెట్టకండి. "ఇప్పుడేం ఆడతాం రా, జులైలో రా. ఇద్దరికీ కలిపి నూట ఇరవైకి తేలిపోతుంది, ఫ్లైటు టిక్కెట్లు కూడా చవగ్గా ఉంటాయి" అనండి.