సర్దుడు రాయుడు

మాదాపూర్‌లో ఏ ఆఫీసు మెట్లెక్కినా, టీముకొక సర్దుడు రాయుడు తగులుతాడు. అప్పజెప్పిన పని చిన్నదే: రోజూ రాత్రి సర్వర్లోని లాగ్ ఫైళ్లను కుదించి వేరేచోట దాచే బాష్ స్క్రిప్టు. నలభై లైన్లు. ఒక్క ఫైలు చాలు. రాయుడికి చాలదు.

సాయంత్రానికల్లా బిన్, లిబ్, టెస్ట్స్, డాక్స్, కాన్ఫిగ్ అని ఫోల్డర్లు వెలిశాయి. లోపల మాత్రం శూన్యం. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. గిట్ ఖాళీ ఫోల్డర్లను పట్టించుకోదు కనుక, ఒక్కోదాంట్లో ‘గిట్‌కీప్’ అని ఒక ఉత్త ఫైలు పడేశాడు. దాంతో సోమలింగానికి ఆధార్ కార్డూ వచ్చేసింది.

అలాగని రాయుడికి ఏమీ తెలీదనుకుంటే పాపం. మనం కొట్టే కమాండ్ బిన్‌లో పొట్టిగా ఉండాలి, అసలు చాకిరీ చేసే ఫంక్షన్లు లిబ్‌లో ఉండాలి, పాస్‌వర్డ్‌లు రెండిట్లోనూ ఉండకూడదు అంటాడు. కాదనలేం. టీ తాగుతూ బెల్ ల్యాబ్స్ పురాణం విప్పుతాడు: కెన్ థాంప్సన్, డెనిస్ రిచీల యూనిక్స్ ఒక డిస్కులో పట్టక రెండోదాంట్లోకి పొర్లితే, అక్కడా ఇంకో బిన్, ఇంకో లిబ్ పుట్టాయట. వాళ్లు చోటు చాలక విడదీశారు, మనవాడు తీరిక చాలా ఉండి విడదీస్తాడు.

ఎటూ తేలని ఫంక్షన్లు ‘యుటిల్స్’లోకి పోతాయి. అదీ నిండితే ‘హెల్పర్స్’, ఆపైన ‘కామన్’. మూడింటికీ తేడా ఏమిటని అడిగిన కొత్త కుర్రాణ్ణి జాలిగా చూస్తాడు.

“అన్నా, రాత్రి బ్యాకప్ పడలేదు.”

“నా దగ్గర నడుస్తోంది కదరా!”

నడవదా మరి? తను ప్రాజెక్టు ఫోల్డర్లో కూర్చుని నడుపుతాడు. రాత్రి వేళకు స్క్రిప్టును లేపే క్రాన్ హోమ్ ఫోల్డర్ నుంచి నడుపుతుంది. ‘డాట్ స్లాష్ లిబ్’ అంటే అది అక్కడే వెతుకుతుంది. స్క్రిప్టు ముందు తనెక్కడుందో కనుక్కుని, అక్కణ్ణుంచి దారి పట్టాలి. ఒక్క లైను పని. రాయుడు ఆ లైను చక్కగా రాశాడు. రాసి, పద్ధతి ప్రకారం, లిబ్‌లో పెట్టాడు. లిబ్ ఎక్కడుందో చెప్పే లైను, లిబ్‌లో!

మర్నాడు మేనేజర్ అడిగారు: “ఏమయ్యా, బ్యాకప్ అవుతోందా?”

“అవడం ఎంతసేపు సార్, ఎక్కడ అవ్వాలో తేల్చేశాను.”