175కి 175

కొత్తగా పార్టీ పెట్టిన అధ్యక్షులవారికి: బలమున్న చోటే పోటీ చేద్దామనేవాడు మీ శ్రేయోభిలాషి కాడు. ఆంధ్రప్రదేశ్‌లో 175 స్థానాలుంటే 175లోనూ దిగండి. డిపాజిట్ జనరల్ సీటుకి పదివేలు, రిజర్వుడు సీటుకి ఐదువేలు. అన్నీ కలిపినా 15.70 లక్షలు దాటదు. చెల్లిన ఓట్లలో ఆరోవంతుకు మించి రాకపోతే గల్లంతవుతుందంటారు. అవనివ్వండి. సర్కారుకి విరాళమిచ్చామని కరపత్రం వేయించుకోవచ్చు.

అభ్యర్థులు దొరుకుతారా అన్న బెంగొద్దు. పెద్ద పార్టీల జాబితాలు వెలువడిన రాత్రి మీ ఆఫీసులో లైట్లు ఆర్పకండి, టికెట్ దక్కనివాళ్లు తామే వస్తారు. పాత కండువా పారేయమని మాత్రం ఒత్తిడి చేయకండి. కౌంటింగ్ అయ్యాక వాళ్లకి మళ్లీ కావాలి. అప్పటికీ కొన్ని సీట్లు మిగిలిపోతే, పేరు రాయని బీ-ఫారాలు జీపులో వేసుకుని తిరగండి. నామినేషన్ల ఆఖరి రోజు మధ్యాహ్నం మూడింటిదాకా గడువుంటుంది. రెండున్నరకి రిటర్నింగ్ అధికారి ఆఫీసు దగ్గర తెల్ల చొక్కాతో ఎవరు కనబడితే వారి పేరు రాసేయండి. గుర్తింపు లేని పార్టీ గనక ఆ నియోజకవర్గపు ఓటర్లు పదిమంది ప్రతిపాదించాలి. ఎదురుగా టీ కొట్టు ఉండనే ఉంటుంది. ఫలితాల రోజున ఆ పదిమంది ఓటేసిన బూత్‌ల లెక్క మాత్రం అభ్యర్థి కంటపడనీయకండి, స్నేహాలు చెడతాయి.

రాష్ట్రంలో పోలింగ్ కేంద్రాలు 46 వేలకు పైనే. ఏజెంట్ల సంగతేమిటని అడిగే కుర్రాణ్ని సోషల్ మీడియా విభాగానికి మార్చేయండి.

మీరు రెండు చోట్ల నిలబడండి. 2009లో చిరంజీవి పాలకొల్లులో ఓడినా తిరుపతి ఆదుకుంది. 2019లో పవన్ కల్యాణ్‌కి గాజువాక, భీమవరం రెండూ పోయాయి. మూడోది ఉండాల్సిందని దీన్నిబట్టే తెలుస్తోంది, చట్టమే ఒప్పుకోదు.

చరిత్ర చదవండి, కానీ సరిగ్గా చదవండి. 2009లో చిరంజీవి పార్టీ ప్రజారాజ్యం ఉమ్మడి రాష్ట్రంలోని 294లో 288 చోట్ల దిగి 18 గెలిచింది, 2011లో కాంగ్రెస్‌లో కలిసిపోయింది. ఎందుకు? ఆ ఆరు సీట్లూ వదిలేసినందుకు! ఇక 2024లో పవన్ పార్టీ జనసేన 21 అసెంబ్లీ స్థానాలకే పోటీ చేసి 21 గెలిచిందని అందరూ మెచ్చుకుంటారు. మిగతా 154 చోట్ల ఓడిపోయే అవకాశం చేజార్చుకున్న సంగతి ఒక్కరూ మాట్లాడరు.

ఇంతా చేసి, జనసేన బరిలో లేని కొన్నిచోట్ల దాని గాజు గ్లాసు గుర్తు స్వతంత్రుల చేతికెళ్లింది. జనసేన ఉన్న కూటమి ఓట్లు చీలతాయని గగ్గోలు, వ్యవహారం హైకోర్టుదాకా. ఎలాగూ గ్లాసు ఈవీఎం మీద ఉన్నప్పుడు దాన్ని మనవాడే పట్టుకుంటే పోయేదేముంది? ఓ పదివేలు, మిత్రపక్షం సీటు.