తగ్గితే గోలీ, తగ్గకపోతే తలరాత

మీ వీధి చివరి మెడికల్ షాపుకు వెళ్లి, "అన్నా, గొంతు నొప్పి, ఒళ్లు కాస్త వెచ్చగా ఉంది" అనండి. అన్న నాడి పట్టడు, నోరు తెరవమనడు. ఫోన్ రీఛార్జికి వచ్చినవాణ్ణి అడిగినట్టు "మూడు రోజులదా, ఐదు రోజులదా?" అంటాడు. వెనక నిలబడ్డ పెద్దాయన ఊరుకుంటాడా? "ఐదు రోజులదే తీసుకో బాబూ, పవర్ ఎక్కువ" అని ఉచితంగా వైద్యం చేసేస్తాడు. డాక్టరు చీటీ సంగతి ఎత్తడం ఇద్దరికీ మర్యాదగా ఉండదు. చీటీ లేనిదే అమ్మకూడని యాంటీబయాటిక్స్ లాంటి మందుల అట్టల మీద ఎర్ర గీత ఉంటుంది, చూసుకోండని 2016లో కేంద్ర ప్రభుత్వం ప్రచారం మొదలుపెట్టింది. ప్రచారం వృథా పోలేదు. ఎర్ర గీత ఉంటే గట్టి మందని జనం ఇట్టే గుర్తుపడుతున్నారు.

2020 వచ్చింది, అజిత్రోమైసిన్‌కు మహర్దశ పట్టింది. అది బాక్టీరియా మీద పనిచేసే మందు. వచ్చిన కరోనా ఏమో వైరస్. రెండూ కంటికి కనబడనివే కదా, ఆ మాత్రం దానికి కులగోత్రాలు ఎందుకని సరిపెట్టుకున్నాం. ఎవరి బావమరిదికో ఎక్కడో ఏ డాక్టరో రాసిచ్చిన చీటీ వాట్సాప్‌లో తిరిగింది. అజిత్రో, డాక్సీ, ఐవర్‌మెక్టిన్, జింకు, విటమిన్ సి. బావమరిది పేరు కొట్టేసి ఊరంతా అదే మింగింది. ఎక్కువ మందికి ఆ జబ్బు దానంతట అదే తగ్గేది, తగ్గింది కూడా. తగ్గిన ప్రతివాడూ అజిత్రో తరఫున సాక్షి సంతకం పెట్టాడు. తగ్గనివాళ్ల సంతకాలు ఎవరూ సేకరించలేదు.

లెక్కలు కట్టినవాళ్లు మాత్రం ఉన్నారు. 2020లో మన దేశంలో 1,629 కోట్ల డోసుల యాంటీబయాటిక్స్ అమ్ముడయ్యాయని 2021లో ప్లాస్ మెడిసిన్ పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది. అంతకుముందు రెండేళ్ల కంటే ఇది కాస్త తక్కువే కదా అని భుజాలు తట్టుకోకండి. లాక్‌డౌన్‌లో బడులు మూశారు, మూతికి మాస్కులు కట్టాం. పిల్లల జలుబులూ దగ్గులూ తగ్గిన ఏడాదిలో ఈ అమ్మకాలు బాగా పడిపోవాలి. పడాల్సినంత పడలేదు. కరోనా లేకుంటే అమ్ముడయ్యేవాటికన్నా జూన్ నుంచి సెప్టెంబరు వరకు 21 కోట్లకు పైగా డోసులు అదనంగా పోయాయని, అందులో 3.8 కోట్లు ఒక్క అజిత్రోమైసిన్‌వేనని వాళ్ల అంచనా.

అదే ఏడాది ఇంగ్లండులో యాంటీబయాటిక్ వాడకం దాదాపు పదో వంతు తగ్గింది. వాళ్లేమీ మనకంటే పుణ్యాత్ములై కాదు. డాక్టరు ఫోన్లో తప్ప దొరకలేదు, బయటికి వెళ్లాలంటే భయం, చీటీ లేకపోతే అక్కడి కొట్టువాడు కదలలేదు. మన పెద్దాయన లెక్క ప్రకారమైతే ఈపాటికి ఆ దేశంలో గొంతు నొప్పులన్నీ ముదిరి, దగ్గులన్నీ న్యుమోనియాలై, మెదడుకు పాకి ఆసుపత్రులు కిటకిటలాడాలి. జరిగింది వేరు. న్యుమోనియాకూ మెదడు పొరల వాపుకూ కారణమై రక్తంలోకి కూడా చొరబడే బాక్టీరియా జబ్బులు 2020 మొదటి నెలల్లో బ్రిటన్‌తో సహా 26 చోట్ల బాగా పడిపోయాయి. మందు మానేసిన మహిమ అని నేను అనను. అంటే నాకూ మెడికల్ షాపు అన్నకూ తేడా ఉండదు. మనుషులు దూరంగా ఉన్నారు, క్రిములకు ఒకరి నుంచి ఒకరికి దారి దొరకలేదు, అంతే.

మందు తగ్గిస్తే ఏమవుతుందో విడిగా తేల్చిన లెక్క కరోనాకు ముందే ఉంది. బ్రిటన్‌లో 610 క్లినిక్కుల రికార్డులు తిరగేసి 2016లో బీఎంజే వైద్య పత్రికలో ప్రచురించారు. ఏడు వేల మంది పేషెంట్లున్న క్లినిక్కులో జలుబు, దగ్గు, గొంతు నొప్పులకు యాంటీబయాటిక్ రాయడం పది శాతం తగ్గిస్తే, ఏడాదికి ఒక న్యుమోనియా కేసు ఎక్కువ కావచ్చు. గొంతులో చీముగడ్డ పదేళ్లకొకటి. ఆ న్యుమోనియా వచ్చిన మనిషికి అది చిన్న విషయం కాదు, ఒప్పుకోవాల్సిందే. అతన్ని సమయానికి పరీక్షించి పట్టుకోవడానికే డాక్టరనేవాడు ఉన్నాడు.

డాక్టరు లేకపోతే ఏమవుతుందో ఇంగ్లండు పళ్ల డాక్టర్లు చూపించారు. 2020 మార్చి 25 నుంచి జూన్ 8 దాకా అక్కడ దంతవైద్యశాలలు మామూలు వైద్యానికి మూతపడ్డాయి. మిగతా చోట్ల యాంటీబయాటిక్స్ తగ్గుతుంటే, ఏప్రిల్ నుంచి జూలై వరకు పళ్ల డాక్టర్లు రాసినవి మాత్రం అంతకుముందు ఏడాదికన్నా 25 శాతం పెరిగాయి. పన్ను పీకే చెయ్యి అందనప్పుడు గోలీ అందింది. నాకు ఈ మొత్తం కథలో నచ్చిన ఘట్టం ఇదే, ఎందుకంటే ఇందులో మన ఊరు కనిపిస్తుంది. వాళ్లకు పళ్ల దగ్గర రెండున్నర నెలలు వచ్చిన కష్టం మనకు తల నుంచి కాలి దాకా ఏడాది పొడవునా ఉంది. పీహెచ్‌సీలో డాక్టరు కుర్చీ ఖాళీ, ప్రైవేటులో ఫీజు, ఒక రోజు కూలి పోతుంది. ఆ ఖాళీలన్నిటినీ ఐదు గోలీలు పూడుస్తున్నాయి. కూలి మనిషి ఎర్ర గీత చూడలేదని కసురుకునే పెద్దమనుషులు ఆ ఖాళీ కుర్చీని కూడా కాస్త కసురుకుంటే బాగుండు.

ఇక సర్కారు వారి వైద్యం. 2020 డిసెంబరులో, కరోనా మందులను పరీక్షించిన బ్రిటన్ రికవరీ ట్రయల్ ఫలితం వచ్చింది. ఆసుపత్రిలో చేరిన 7,763 మందిని చూస్తే, అజిత్రోమైసిన్ ఇచ్చినా ఇవ్వకపోయినా 28 రోజుల్లో చనిపోయింది 22 శాతమే. 2021 జనవరిలో అక్కడిదే ప్రిన్సిపుల్ ట్రయల్ ఇంట్లో ఉన్న రోగులకూ దానివల్ల ఉపయోగం లేదంది. 2021 మే నెలాఖరులో మన కేంద్ర ఆరోగ్య సేవల డైరెక్టరేట్ తేలికపాటి కరోనాకు ఈ మందును జాబితా నుంచి తీసేసింది. అయినా 2022 జనవరిలో తెలంగాణ సర్కారు జ్వరం సర్వే పెట్టి, ఇల్లిల్లూ తిరిగి పంచిన కిట్లలో అజిత్రోమైసిన్ చక్కగా కూర్చుని ఉంది. ఢిల్లీ ఉత్తర్వు హైదరాబాదు రావడానికి రైలెక్కినా ఏడు నెలలు పట్టదు. మనం క్రిమిని కాదు, ఓటరు భయాన్ని చంపుతున్నాం కాబోలు.

అనవసరంగా మందు మింగినకొద్దీ దానికి లొంగని క్రిములు పెరుగుతాయి. అవి ఈలోగా ఊరికే కూర్చోలేదు. 2020లో పది ఆసుపత్రుల్లో 17,534 మంది కరోనా రోగులను భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) పరిశీలిస్తే 3.6 శాతం మందికి కరోనాకు తోడు రెండో ఇన్ఫెక్షన్ సోకింది, వాళ్లలో సగానికి పైగా చనిపోయారు. ప్రపంచవ్యాప్తంగా ఆసుపత్రుల్లో చేరిన కరోనా రోగుల్లో నూటికి 75 మందికి యాంటీబయాటిక్ ఇచ్చారని, బాక్టీరియా ఇన్ఫెక్షన్ ఉన్నది 8 మందికేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో చెప్పింది.

"అయితే అసలు మందే వద్దంటావా?" అని పెద్దాయన అడుగుతాడు. వద్దనను. 2022 చలికాలంలో ఇంగ్లండులో స్ట్రెప్ గొంతు జబ్బు విజృంభించి పిల్లలు చనిపోయారు. అప్పుడు మందు తొందరగా రాయమని అక్కడి వైద్యులకు సలహా ఇచ్చారు, పెన్సిలిన్‌కు కొరత కూడా వచ్చింది. ఆ క్రిమికి పాత పెన్సిలిన్ ఇప్పటికీ పనిచేస్తుంది.

చివరగా పాఠకులకు ఒక మనవి. చీటీ చూపిస్తే గానీ యాంటీబయాటిక్ ఇవ్వనని మొహం మీద చెప్పిన మెడికల్ షాపు మీ ఊళ్లో ఉంటే, ఊరి పేరుతో సహా ఈ కాలమ్‌కు రాయండి. ఎన్ని ఉత్తరాలు వస్తాయో చూద్దాం.