కోట కనబడును, ధర అదనం

గోల్కొండ మళ్లీ ఓడిపోయింది. 1687లో ఔరంగజేబు సైన్యం ఎనిమిది నెలలు గోడల బయట పడిగాపులు కాసింది. చివరికి లంచం మింగిన ఒకడు తలుపు తీస్తే గానీ లోపల అడుగు పెట్టలేకపోయింది. మన బిల్డర్లకు అంత ఓపిక అక్కర్లేదు. వాళ్లు కోటలోకి రానే రారు. నార్సింగి, పుప్పాలగూడ, కోకాపేటల్లో నలభై అంతస్తులు లేపి అక్కడి నుంచి చూస్తారు. ఆ చూపుకే రేటు.

కోట వైపు ఫ్లాటుకు వ్యూ ప్రీమియం, పై అంతస్తుకు ఫ్లోర్ రైజ్. కట్టింది కుతుబ్‌షాహీలు, కాపలా కాస్తున్నది పురావస్తు శాఖ. వసూలు చేసేది ఆ రెండూ కానివాడు. పాతిక రూపాయల టిక్కెట్టుతో బాలాహిస్సార్ దాకా ఎక్కి ఆ రాళ్లను చేత్తో తడిమి రావచ్చు. అద్దంలోంచి దూరంగా చూడాలంటే మాత్రం కోట్లు పెట్టాలి. అన్నట్టు, కుతుబ్‌షాహీ కట్టడాలు 2010 నుంచి యునెస్కో తాత్కాలిక జాబితాలోనే ఎదురుచూస్తున్నాయి. బ్రోచర్ మాత్రం ప్రపంచ వారసత్వ హోదా ఎప్పుడో ఇచ్చేసింది.

చట్టం లేదా అంటే, ఉంది. పురాతన కట్టడాల చట్టానికి చేసిన 2010 సవరణ ప్రకారం రక్షిత కట్టడానికి 100 మీటర్ల లోపు కొత్త నిర్మాణం నిషేధం. ఆపైన మరో 200 మీటర్ల వరకు అనుమతి తప్పదు. బాగుంది. కోట గోడ పక్కన తాతలనాటి నుంచి కాపురమున్నవాడు కొడుకు పెళ్లికని మేడమీద ఓ గది వేయకూడదు, కురుస్తున్న కప్పు బాగుచేయించాలన్నా కాగితాలు పట్టుకుని తిరగాలి. చరిత్రకు భంగం కదా! మూడు వందల మీటర్లు దాటగానే చరిత్ర ముగిసి, రియల్ ఎస్టేటు మొదలవుతుంది. ఎంత స్థలంలో ఎంత కట్టొచ్చో చెప్పే ఎఫ్ఎస్ఐ పరిమితిని 2006లోనే ఎత్తేసిన నగరం మనది. రోడ్డు వెడల్పుంటే, ఫైర్ వాళ్లూ ఎయిర్‌పోర్టు వాళ్లూ తల ఊపితే, ఎంత ఎత్తయినా లేపుకోవచ్చు. 2023 కోకాపేట వేలంలో ప్రభుత్వమే ఎకరం 100 కోట్ల 75 లక్షల దాకా అమ్ముకుంది. ఆ సొమ్ము లెక్కపెట్టుకున్న చేత్తోనే, కాస్త పొట్టిగా కట్టవయ్యా అని రాస్తుందా?

పోనీ, కొన్నవాడికి చరిత్ర దక్కలేదనలేం. బాలాహిస్సార్ ద్వారం కింద చప్పట్లు కొడితే కొండమీద వినిపించేలా కట్టారు ఆనాటి మేస్త్రీలు. ఆ విద్య అంతరించలేదు. పై ఫ్లాటులో మిక్సీ తిరిగితే అది అల్లం చట్నీయో కొబ్బరి చట్నీయో కింది ఫ్లాటుకు తెలిసిపోతుంది. ఆనాడు మట్టి గొట్టాల్లో కొండెక్కిన నీళ్లు ఈనాడు ఏప్రిల్ రాగానే ట్యాంకరులో వస్తాయి.

అసలైన గోల్కొండ అనుభూతి హోమ్ లోను కాగితాల్లో ఉంది. కంచర్ల గోపన్నను తానీషా ఈ కోటలోనే పన్నెండేళ్లు బంధించాడని చెప్పుకుంటాం. సర్కారు సొమ్ముతో గుడి కట్టడం ఆయన నేరం. మీరు సొంత జీతంతో పూజగదితో సహా త్రీ బీహెచ్‌కే కొన్నారు, శిక్ష ఇరవై ఏళ్లు. ఆయన బాకీ రామలక్ష్మణులు వచ్చి తీర్చారట. మీకోసం వచ్చేది రికవరీ ఏజెంటు. ఆయన నగనగకూ లెక్క చెప్పి దేవుణ్ణే నిలదీశాడు. మీరేమో లిఫ్టు, మెట్లు, క్లబ్‌హౌసు కలిపి ‘సూపర్ బిల్టప్’ అంటే బుద్ధిగా సంతకం పెట్టారు. కార్పెట్ ఏరియా లెక్కన అమ్మాలని 2016లోనే రెరా చట్టం చెప్పింది కదా అంటారా? చెప్పింది. బ్రోచర్‌లో చివరి పేజీ అడుగున, చీమతలంత అక్షరాల్లో అదీ ఉంది.

ఇక ఆ వ్యూ సంగతి. పాలు పొంగించేనాటికి మీ బాల్కనీకీ కోటకూ నడుమ ఖాళీ జాగాలో రేకులు లేస్తాయి. రేకుల వెనక జేసీబీ దిగుతుంది. అగ్రిమెంటు తీసి చదవండి. గోడలకు ఐదేళ్లు పూచీ ఉంది, పైపులకు ఉంది. కిటికీ అవతల ఉన్నదానికి ఎవరి పూచీ లేదు. మండిపడి ఫోన్ చేస్తే సేల్స్ కుర్రాడు పొంగిపోతాడు:

“మంచి టైములో చేశారు సార్! ఆ ముందుది కూడా మనదే, ఫేజ్ టూ. అందులోంచి కోట ఇంకా దగ్గర. పాత కస్టమర్లకు అడుగుకు రెండొందలు తగ్గిస్తున్నాం. ఒకటి బ్లాక్ చేసేయమంటారా?”